నసువా మూసిన దిబ్బ

మూడు నెలల పాటు మా ఊరు అంబాతుమేనా పగడపు దిబ్బలో ఒక ముక్క మీద ఊళ్ళో ఎవరూ బరిసె దించకుండా ఆపడం మా నసువా సాధించిన మొదటి విజయం. అది తేలిగ్గా వచ్చింది కాదు. ఇవాళ ఈ తీరం వెంట దిబ్బలు మూయడం మామూలైపోయింది కాబట్టి కుర్రకారుకి ఇందులో గొప్పేముందనిపిస్తుంది. ఆ రోజుల్లో ఆ మాట అనడమంటే, ఆకలితో కూర్చున్నవాళ్ళ ముందు నుంచి కంచం లాగేసినట్టే. ఊరి పెద్దగా అప్పుడు నేనే ఉన్నాను. ఏది ఎలా జరిగిందో చూసినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

నసువా నా చెల్లెలి కూతురు. చదువు మా ఊరి బడిలోనే. నడక వచ్చిన నాటి నుంచి తల్లి వెంట పగడపు దిబ్బ మీదే తిరిగింది. కన్నం ముందు పీత డిప్పలు, గవ్వ ముక్కలు పోగుపడి ఉంటే లోపల ఆక్టోపస్ కాపురం ఉన్నట్టు. మా దగ్గర ప్రతి ఆడదానికీ తనవంటూ కొన్ని కన్నాలుంటాయి. తల్లి వాటిని కూతురికి చూపిస్తుంది, కోడలికి చూపించదు. ఎండ తగలకుండా ముఖానికి కర్ర అరగదీసిన పచ్చటి లేపనం పూసుకుని, చేతిలో ఇనుప బరిసెతో, నడుముకి తీగ కట్టుకుని నసువా వెనకాల ఎవరైనా వస్తున్నారేమోనని చూసుకుంటూ నడిచేది. ఆ కన్నాలే ఆమె ఆస్తి. ఇంకో ఆస్తి, మగడు వదిలివెళ్ళిన పడవ. అతను ఉత్తరాది దీవులకు సొరచేపల వేటకు పోయి అక్కడే జ్వరంతో పోయాడు. పడవ తిరిగొచ్చింది, మనిషి రాలేదు. దాన్ని మరిది సముద్రం మీదికి తీసుకెళ్ళేవాడు, వేటలో సగం నసువా ఇంటికి వచ్చేది. ఆ సగంతోనూ దిబ్బ మీద దొరికిన దానితోనూ ఇద్దరు ఆడపిల్లల్ని పెంచుతోంది.

ఆ ఏడు లోపలి ఊళ్ళలో వానలు లేవు. చేపలిచ్చి కర్రపెండలం తెచ్చుకునే సంతలో కర్రపెండలమే కరువైంది. మగవాళ్ళు దూరపు వేటకు పోయారు. ఊళ్ళో మిగిలిన ఆడవాళ్ళు, ముసలివాళ్ళు దిబ్బ మీద పడ్డారు. ఐసు లారీవాడు ఏది తెచ్చినా కొంటున్నాడు. పిడికెడంత ఆక్టోపస్ పిల్లల్ని కూడా పొడిచి తీగకు గుచ్చి తెచ్చేవారు. ఒకరోజు నసువా మా ఇంటి ముందు ఖాళీ తీగ పట్టుకుని నిలబడింది.

"మామా, మా అమ్మ కన్నాల్లో ఏమీ లేవు."

"రేపు ఉంటాయిలేవే."

"రేపు ఎక్కణ్ణించి వస్తాయి? పిల్లల్ని కూడా మనమే తినేస్తుంటే. దక్షిణపు ఊళ్ళలో దిబ్బ మూశారంట, లారీ డ్రైవరు చెప్పాడు. కొన్నాళ్ళు ముట్టుకోకపోతే అవి చేతులు బారెడు చాపేంత అవుతాయంట. మనం కూడా మూద్దాం."

మూడు రోజుల తర్వాత సభ పెట్టాను. మా సభలో అప్పటిదాకా ఆడది నోరెత్తింది లేదు. నసువా లేచేసరికి త్సియేరి నవ్వాడు. త్సియేరి నాకన్నా పెద్దవాడు, పడవలు చెక్కడంలో ఈ తీరాన అతన్ని మించినవాడు లేడు, నోటిదురుసులోనూ అంతే.

"దిబ్బ మూస్తే మా ముసలిదాన్ని నువ్వు మేపుతావేంటే?"

"మొత్తం కాదు తాతా. పడమటి ముక్క ఒక్కటే. తూర్పు రాళ్ళు తెరిచే ఉంటాయి."

"మెతక ముక్క మూసి, కాళ్ళు కోసుకునే ముక్క మాకు వదులుతావన్నమాట."

"నేనూ ఆ రాళ్ళలోనే ఏరుకుంటాను. నా కాళ్ళేమైనా ఇనుమా?"

ఆడవాళ్ళు వెనకనుంచి కిసుక్కుమన్నారు. త్సియేరికి అది నచ్చలేదు. "సరే. మూడు నెలలు కడుపు కాల్చుకున్నాక దిబ్బ మీద ఏమీ లేకపోతే? ఎవరో ఒకడు దొంగతనంగా ఊడ్చేసుకుపోతే? అప్పుడు ఎవర్ని అడగాలి? నిన్నా? నీ దగ్గరేముంది?"

నసువా అటూ ఇటూ చూసింది. నేను వద్దని కళ్ళతో చెబుతూనే ఉన్నాను.

"నా పడవ ఉంది," అంది. "తేడా వస్తే పడవ ఊరికి వదిలేస్తాను."

 పడవ లేకపోవడమంటే మా ఊళ్ళో ఇల్లు లేక చావిడిలో పడుకున్నట్టే. ఆ పడవ పోతే ఇద్దరు ఆడపిల్లలతో ఆమె ఏం తింటుందో అందరికీ తెలుసు. అందుకే ఇంకెవరూ కాదనలేకపోయారు. కట్టుబాటు నేనే చెప్పాను: పడమటి ముక్కలో బరిసె దింపినవాడు ఊరికి మేకను ఇచ్చుకోవాలి, వాడెవరైనా సరే. పూర్వీకులకు రమ్ము పోశాం. జమ్ముగడ్డి కట్టలు కట్టిన గుంజలు పాతి హద్దు పెట్టాం. అంతా పక్కాగా చేశామనుకున్నాను. వాడెవరైనా సరే అన్నానే, జివా సంగతి నాకు గానీ, ఊళ్ళో ఇంకెవరికి గానీ తట్టలేదు. ఈ తీరాన పుట్టినవాళ్ళం చేయకూడని పొరపాటు అది.

మా వంశానికీ, ఉత్తరాన ఉన్న బెలువా ఊరి వంశానికీ జివా ఉంది. తాతల తాతల నాడు ఒకరి ప్రాణం ఒకరు కాపాడుకున్నందుకు కట్టుకున్న పరిహాసపు చుట్టరికం. జివా వాడు మన ఇంటికొచ్చి పొయ్యి మీది కుండ దించుకుపోయినా కోపం తెచ్చుకోకూడదు. తిట్టవచ్చు, తిట్టకపోతే మర్యాద కాదు కూడా. చెయ్యి మాత్రం ఎత్తకూడదు, తప్పు వేయకూడదు. వేస్తే ఆ పాపం రెండు వంశాల పిల్లలకీ తగులుతుందని మా నమ్మకం. నమ్మకమేమిటి, తగిలినవాళ్ళను చూశాను.

ఆ మూడు నెలలూ ఎలా గడిచాయో చెప్పలేను. తూర్పు రాళ్ళలో ఆడవాళ్ళ అరికాళ్ళు చీలిపోయాయి. కర్రపెండలం పొట్టు కూడా ఉడకబెట్టుకున్నారు. త్సియేరి ప్రతి పొద్దునా నసువా గుమ్మం ముందు ఆగి పడవను తట్టి చూసేవాడు. "కొయ్య బాగానే ఉంది, ఊరికి పనికొస్తుంది," అనేవాడు. నసువా నీళ్ళు వెనక్కి లాగినప్పుడల్లా హద్దు గుంజల దగ్గరికి వెళ్ళి నిలబడేది.

తెరవడానికి ఇంకో పదిహేను రోజులు ఉందనగా, పౌర్ణమికి నీళ్ళు బాగా వెనక్కి లాగిన పొద్దున, ఉత్తరం నుంచి రెండు పెద్ద పడవలు వచ్చాయి. తెరచాపలు చూడగానే బెలువావాళ్ళని తెలిసిపోయింది. దిబ్బ అంచున లంగరు వేసి, ఆడా మగా బరిసెలతో నేరుగా పడమటి ముక్కలోకి దిగారు. ముందు నడుస్తున్నవాడు మహాతూజు. బెలువాలో వాడంత పొడగరి, వాడంత గొంతున్నవాడు లేడు.

"ఓరి అంబాతుమేనా సోమరుల్లారా!" అని అరిచాడు. "మా కోసం ఇన్నాళ్ళూ మేపి బలిపించారంటగా! మంచి జివాలు దొరికార్రా మాకు!"

వేట నుంచి తిరిగొచ్చి ఉన్న మా కుర్రాళ్ళు తెడ్లు పట్టుకుని పరుగెత్తారు. నేను అడ్డం పడ్డాను. "చెయ్యెత్తేవాడెవడైనా ఉంటే ముందు నన్ను కొట్టండి," అన్నాను. కొట్టలేదు గానీ వెనక్కీ పోలేదు. ఒక్క రాయి లేస్తే చాలు, రెండు ఊళ్ళు తరతరాలకీ పాడైపోతాయి. లేవకపోతే దిబ్బ పోతుంది. త్సియేరి నా పక్కకొచ్చి నసువాతో మెల్లగా అన్నాడు: "సాయంత్రానికల్లా పడవ ఊరిదే అమ్మాయ్." ఆ మాటలో ఈసారి వెక్కిరింత లేదు. అతనూ భయపడ్డాడు.

నసువా ఒక్కతే నడిచి వెళ్ళింది. నేను వెనక వెళ్ళాను.

"బావా," అంది నవ్వుతూనే, "అంత ఆకలైతే ఇంటికొచ్చి అడుక్కోవచ్చుగా. పదిహేను రోజులు ఆగు. తెరిచే రోజున నీకు ముందు వరసలో చోటిస్తాను."

"జివాని ఆగమనడానికి నువ్వెవత్తివే? మీ తాతకే ఆ హక్కు లేదు."

అంటూనే వాడు కన్నంలో బరిసె దించి లాగాడు. వచ్చిన ఆక్టోపస్ వాడి మోచేతిదాకా చుట్టుకుంది. ఒడ్డు మీదున్న మా ఆడవాళ్ళు ఒక్కసారిగా మూలిగారు, అంత పెద్దది చూసి ఎన్నాళ్ళో అయింది. పక్కనే వాడి పెళ్ళాం ఇంకో కన్నంలో పొడిచింది. బయటికొచ్చిన దానితో పాటు గుడ్లు వచ్చాయి, బియ్యపు గింజలు దండ గుచ్చినట్టు తెల్లగా. ఆ తల్లి తిండి మానేసి కన్నంలో కూర్చుని కాపలా కాస్తున్నది. నసువా ఆ గుడ్లు నీళ్ళలో చెదిరిపోవడం చూసింది. నవ్వు పోయింది. వెనుదిరిగింది.

మా దిక్కుకి కాదు, వాళ్ళ పడవల దిక్కుకి.

వాళ్ళ పడవల్లో ఒకదానిలో మహాతూజు తల్లి ఒక్కతే కూర్చుని ఉంది, నడవలేని ముసలమ్మ. నసువా మొదటి పడవ లోంచి తెరచాప చుట్టి భుజానికెత్తుకుంది. తెడ్లు తీసి చంకన పెట్టుకుంది. రెండో పడవలో తెరచాప, తెడ్లు, వంట గిన్నె. ముసలమ్మ నోరు తెరిచి చూస్తూ ఉంది. ఒడ్డు మీద ఎవరికీ ఏం జరుగుతోందో అర్థం కాలేదు. నాకు మాత్రం అర్థమైంది. దక్షిణపు గాలి అప్పుడే మొదలవుతోంది. తిరిగి పోవాలంటే వాళ్ళకి ఆ గాలికి ఎత్తే తెరచాపలో, తెడ్లో తప్ప దారి లేదు. నీళ్ళు కూడా తిరిగాయి, మడమల దాకా వచ్చాయి.

మహాతూజు చూసి పరుగెత్తుకొచ్చాడు, బరిసె చేతిలోనే ఉంది.

"దించు."

"ఎంత బాగుంది బావా ఈ గుడ్డ! మా ఇంటి కప్పు కారుతోంది."

"దించమన్నానా. నసువా, ఇది ఆట కాదు."

నసువా తెరచాప దించలేదు. వాడి ఎదురుగా రెండడుగుల దూరంలో నిలబడింది. బరిసె మొన ఆమె పొట్టకి తిన్నగా ఉంది, వాడు అది చూసుకోలేదు.

"ఆట కాదా? ఆ మాట గట్టిగా చెప్పు, మా మామ వినాలి. ఆట కాదంటే నువ్వు జివావి కావు, దొంగవి. దొంగకి మా ఊళ్ళో మేక తప్పు పడుతుంది. ఇచ్చి పో. ఆటే అంటావా, నీ చేతిలోది నీది, నా చేతిలోది నాది. తెరచాప నాది, తెడ్లు నావి. ఆ గిన్నె కూడా నాదే, మా పెద్దపిల్లకి పెళ్ళి చెయ్యాలి. నడిచిపో బెలువాకి."

 వెనకున్న బెలువావాళ్ళు బరిసెలు దించి నిలబడిపోయారు. మావాళ్ళు కూడా అంతే. నీళ్ళు మోకాళ్ళకి వస్తున్నాయి. ఆ క్షణాన మహాతూజు అందరూ వినేలా 'ఆట కాదు' అని మళ్ళీ అని ఉంటే తాతల నాటి జివా అక్కడితో తెగిపోయేది, ఆ తర్వాత తెడ్లూ బరిసెలూ మాట్లాడేవి. వాడి దవడ కదులుతోంది. బరిసెను ఎత్తి పక్కనున్న రాతి మీద ఒక్క దెబ్బ కొట్టాడు. మా కుర్రాళ్ళలో ఒకడు ముందుకు దూకబోతే మెడ పట్టుకుని ఆపాను.

అప్పుడు పడవలోంచి నవ్వు వినిపించింది. ముసలమ్మ పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"ఒరే మహాతూజూ! నడి సముద్రంలో గుడ్డలూడదీసిందిరా నిన్ను! పిల్లా, నన్ను కూడా ఎత్తుకుపోతావా, ముసలిదాన్నని వదిలేస్తావా?"

"నిన్నెవరు మేపుతారత్తా," అంది నసువా వాడి మీద నుంచి చూపు తిప్పకుండానే. "ఆ నోటికి రెండు దిబ్బలు చాలవు."

మొదట బెలువా ఆడవాళ్ళు నవ్వారు, తర్వాత మావాళ్ళు. మహాతూజు చివరికి బరిసె నీళ్ళలో వదిలేసి, "ఆటే లేవే దెయ్యమా," అన్నాడు. నసువా తెరచాపను రెండో భుజానికి మార్చుకుంది.

ఆ పూట వాళ్ళందరూ మా ఊళ్ళోనే తిన్నారు. వాళ్ళు పొడిచినవే వండి, ఉన్న కర్రపెండలం ఊడ్చి పెట్టింది నసువా. గాలి తగ్గాక తెడ్లు ఇచ్చేసింది, తెరచాపలు ఇవ్వలేదు. "దిబ్బ తెరిచే రోజున వచ్చి తీసుకుపో," అంది. తిట్టుకుంటూ తెడ్లు వేసుకుంటూ పోయారు.

జివా నిలబడింది. నసువా పడవ సంగతి మాత్రం తేలలేదు. వాళ్ళు ఎన్ని కన్నాలు చెదరగొట్టారో ఎవరికీ తెలియదు. బెదిరిన ఆక్టోపస్ చోటు మారుస్తుందని త్సియేరి అన్నాడు, అది నిజమే. ఆ పదిహేను రోజులూ నసువా సరిగ్గా తినలేదని మా చెల్లెలు చెప్పింది.

తెరిచే రోజు పూర్వీకులకు రమ్ము పోసి నేను చెయ్యి ఊపాను. ఊరి ఆడవాళ్ళంతా దిబ్బ మీదికి దిగారు, బెలువావాళ్ళు కూడా వచ్చారు. దగ్గరి కన్నాల్లో చూసిన మొదటి ఆమె "ఖాళీ!" అంది. పక్కామె కూడా "ఖాళీ!" అంది. ఇంకొకామె తల అడ్డంగా ఊపింది. నసువా హద్దు గుంజ పట్టుకుని నిలబడిపోయింది, బరిసె ఎత్తలేదు. త్సియేరి నా వైపు చూశాడు. నేను సముద్రం వైపు చూశాను.

అంచున కెరటాలు విరిగే చోటు నుంచి కేక వచ్చింది. త్సియేరి పెళ్ళామే! ముసలిది రెండు చేతులతో లాగుతోంది. వచ్చినది భుజం దాకా చుట్టుకుని ముసలిదాన్నే లోపలికి లాగేలా ఉంది. తర్వాత ఇంకో కేక, ఇంకోటి. బెదిరినవి లోతుకి జరిగాయి, పోలేదు. ఆ పొద్దున తీగలు చాలక ఆడవాళ్ళు పైటలు విప్పి మూటలు కట్టారు. లారీవాడు ఐసు సరిపోక రెండోసారి వచ్చాడు.

త్సియేరి నసువా ఇంటి ముందుకెళ్ళి పడవను చివరిసారి తట్టాడు. "దీనికి అడుగున చిల్లుంది. ఊరికి అక్కర్లేదు, నువ్వే ఉంచుకో," అన్నాడు. మర్నాడు తన పనిముట్లు తెచ్చి ఆ చిల్లు తనే పూడ్చాడు.

ఆ తర్వాత నసువా చేసినవి చాలా ఉన్నాయి. ఏటా దిబ్బ మూసి తెరిచింది. మా సభలో ఆడవాళ్ళకి చోటు సంపాదించింది, ఇప్పుడు వాళ్ళే ముందు మాట్లాడుతున్నారు, మేం చెవులొగ్గుతున్నాం. ఊరి వెనక మడ అడవిని వంటచెరకుకి కొట్టడం ఆపించింది. అక్కడ మళ్ళీ బురద పీతలు పట్టి అమ్ముకుంటున్నారు. కరువు నెలల్లో అడవి దుంపలు తవ్వుకుని తినే ఇళ్ళు మా ఊళ్ళో ఇప్పుడు లేవు. ఆమె పెద్దకూతురు పట్నంలో మంత్రసాని పని నేర్చుకుంటోంది. అన్నీ గెలుపులే అని చెప్పను. ఒక ఏడు తుఫాను వచ్చి పగడాలు విరగ్గొట్టింది, ఆ ఏడు తెరిచిన దిబ్బ ఖాళీ. ఒక ఏడు లారీవాళ్ళంతా కూడబలుక్కుని ధర దింపారు. అయినా దిబ్బ మా పొలం అని ఇవాళ ప్రతి ఇంట్లోనూ అంటారు. ఆ మాట మొదట అన్నది నా మేనకోడలు.

ఈ ఏడు మే నెలలో మహాతూజు మళ్ళీ వచ్చాడు. నేరుగా నసువా ఇంట్లో దూరి ఆమె చాప, బరిసె, లేపనం కర్ర తీసి తన పడవలో పడేసి, "మీ ఇంట్లో నాకు నచ్చింది ఈ మనిషే, తీసుకుపోతున్నా. జివాకి అడ్డం చెబుతావా మామా?" అన్నాడు. చెప్పలేనని వాడికి తెలుసు. బెలువావాళ్ళు కూడా వాళ్ళ దిబ్బ మూశారు. అయితే అక్కడ ఊరు రెండుగా చీలింది. పైగా దక్షిణం నుంచి ఎవరితోనూ ఏ చుట్టరికమూ లేని పరాయి పడవలు వచ్చి ఆ దిబ్బని ఊడ్చుకుపోవడానికి పొంచి ఉన్నాయి. వాళ్ళతో ఆటాడే వీల్లేదు. అందుకే వాడికి నసువా కావాల్సి వచ్చింది.

"వాళ్ళు నవ్వేరకం కాదే," అన్నాను పడవ దగ్గర.

"తెలుసు మామా. నవ్వించలేకపోతే ఇంకోటేదో చూస్తాను," అని ఎక్కి కూర్చుంది.

జూన్ నుంచి గాలులు గట్టిగా ఉన్నాయి, కబురు లేదు. బెలువా దిబ్బ ఆగస్టు పన్నెండు అమావాస్యకి తెరుస్తారు. ఏరుకోవడం అయ్యాక బయలుదేరి ఆగస్టు పదిహేడున వస్తానని వెళ్ళేటప్పుడు చెప్పింది.